జ్వరం చూసే గన్ను సరే, అన్నం పెట్టే చెయ్యి ఏది?

సోదర కార్మికులారా,

మొన్న టీ హోటల్ దగ్గర ఒక పెద్దమనిషి అన్నాడు: "మళ్లీ కరోనా లాంటిది వస్తే ముందు నాకాలు బిగించాలి. రోగం మోసుకొచ్చేది వలస కూలీలే." పక్కనున్న మనవాళ్లు ఇద్దరు అవునవునని తల ఊపారు. వాళ్ల తాతలు కూడా మూట నెత్తిన పెట్టుకుని షోలాపూర్ వచ్చినవాళ్లే! అందుకే ఈ నాలుగు మాటలు రాయవలసి వచ్చింది.

పరీక్ష వద్దని మన యూనియన్ ఎన్నడూ అనలేదు. ఒక్క గదిలో ఎనిమిది మంది పడుకునే మనకే రోగం ముందు సోకుతుంది. మన తగాదా పరీక్ష మీద కాదు, పరీక్ష పేరుతో జరిగే తంతు మీద.

2020లో ఇరాన్, అఫ్గానిస్తాన్ సరిహద్దులో ఏం జరిగిందో చూడండి. ఆ ఫిబ్రవరిలో ఇరాన్‌లోని ఖోమ్ నగరంలో కరోనా బయటపడింది. ఆ దేశంలో లక్షలాది అఫ్గాన్ కూలీలు పొట్ట చేతబట్టుకుని బతుకుతున్నారు. పనులు ఆగాయి, కూలి ఆగింది. చాలామందికి కాగితాలు లేవు. హెరాత్ రాష్ట్రంలోని ఇస్లాం ఖలా గేటు వైపు, నిమ్రోజ్ రాష్ట్రంలోని జరంజ్ వైపు కదిలారు. మార్చిలో రోజుకు వేలకు వేల మంది దాటారు. ఆ ఏడాది మొత్తంలో ఇరాన్ నుంచి తిరిగివచ్చినవాళ్లు 8 లక్షలు దాటారు.

నలభై ఏళ్ల యుద్ధాలు నలిపిన దేశం అది. గేటు దగ్గర జ్వరం చూశారు, పేర్లు రాసుకున్నారు. అక్కడి ఆరోగ్య సిబ్బంది, అంతర్జాతీయ వలస సంస్థ వాళ్లు శక్తికొద్దీ పనిచేశారు. వాళ్లను నేను తప్పుపట్టను. కాని జ్వరం ఉన్నవాణ్ణి పక్కకు తీస్తే, లేనివాడు బస్సెక్కి ఊరికి పోయాడు. అంతమందిని 14 రోజులు ఉంచి తిండి పెట్టే ఏర్పాటు లేదు. కరోనా సోకినవాడికి లక్షణాలు కనిపించడానికి సగటున 5, 6 రోజులు పడుతుంది, ఒక్కోసారి 14 రోజులు. కొందరికి అసలు కనిపించవు. కనిపించకముందే ఇంకొకరికి అంటుతుంది. మరి నుదుటి దగ్గర పెట్టిన ఆ గన్ను ఎంతమందిని పట్టుకోగలదు? ఆ దేశంలో రోగం మొదట బయటపడింది హెరాత్‌లోనే, మొదట ముదిరిందీ అక్కడే.

మిల్లులో పనిచేసినవాళ్లకు ఇది చెప్పనక్కరలేదు. పేక పోగు తెగితే సాంచా తనంతట తానే ఆగుతుంది. ఆపడం యంత్రం పని. తెగిన పోగు చూసి సరిచేయడం మనిషి పని. ఆపి ఊరుకుంటే గుడ్డ రాదు. సరిహద్దులో మన పాలకులు ఆపడం మాత్రమే నేర్చుకున్నారు.

ఇంకొక సంగతి. 2018 ఆగస్టు నుంచి తూర్పు కాంగోలో ఎబోలా చెలరేగింది. సాయుధ ముఠాల కాల్పుల మధ్యనే ఆరోగ్య సిబ్బంది దారులన్నిటా పరీక్షలు పెట్టారు. 2019 జూన్‌లో కాసిండి అనే సరిహద్దు ఊళ్లో ఒక కుటుంబానికి లక్షణాలున్నాయని సరిగ్గానే పట్టుకున్నారు. విడిగా ఉంచారు. అయినా వాళ్లలో కొందరు బయటపడి, గేటు వదిలేసి కాలిబాటన ఉగాండా చేరారు. వాళ్లలో అయిదేళ్ల బాబు, వాడి అమ్మమ్మ, తమ్ముడు ముగ్గురూ చనిపోయారు. కాని ఉగాండాలో రోగం పాకలేదు. ఎందుకంటే ఆ కుటుంబం తమ కాళ్ల మీద తామే వెళ్లిన ఆసుపత్రిలో సిబ్బంది రోగాన్ని గుర్తించారు. ముందే శిక్షణ ఉంది, టీకాలున్నాయి. గేటు పట్టుకుంది కాని నిలుపుకోలేకపోయింది. ఆసుపత్రి నిలుపుకుంది. మనం నేర్చుకోవలసింది ఇదే.

ఇప్పుడు మన ఇంటి సంగతి. 2020 మార్చి 24 రాత్రి 8 గంటలకు చెప్పి, నాలుగు గంటల్లో దేశానికి తాళం వేశారు. మే నెలలో పాలమూరు వైపు ఊళ్లకు బయల్దేరిన మన కుటుంబాలతో నేనూ ఒక నాకా దాకా వెళ్లాను. ముందు డాక్టరు కాగితం కావాలన్నారు. ఆ కాగితానికి మనిషికి రెండు వందలు పోసి కొనుక్కున్నాం. తరువాత మిట్ట మధ్యాహ్నం ఎండలో మూడు గంటలు నిలబెట్టారు. నీళ్లు లేవు, నీడ లేదు. బీడీలు చుట్టే ఒక అక్కయ్యకు ఎండకు ఒళ్లు కాలి గన్నులో అంకె ఎక్కువ వచ్చింది. ఆమెను పక్కన కూర్చోబెట్టారు. నిజంగా జ్వరం ఉన్న కుర్రవాడు ఒకడు మా వరసలోనే ఉన్నాడు. వాడు జ్వరం బిళ్ల మింగి దాటిపోయాడు.

ఆ బిళ్ల ఇచ్చింది నేనే. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. వారం తిరక్కుండా ఊళ్లో వాడి పెదనాన్న దగ్గుతో మంచం పట్టి పోయాడు. బిళ్ల వల్లనే పోయాడని ఎవరూ అనలేదు. కాని నాకు నిద్ర పట్టదు. నేను తప్పు చేశాను. అయితే ఎందుకు చేశాను? ఆపితే వాడి గతి ఏమిటని అడిగితే నాకా మీద ఉన్నవాళ్లు "మాకు తెలియదు" అన్నారు. పద్నాలుగు రోజులు ఎక్కడ ఉంచుతారో, ఏం తినాలో, ఇంటికి డబ్బు ఎవరు పంపుతారో చెప్పలేదు. అన్నం, వైద్యం ఉన్నాయని ఒక్క మాట అని ఉంటే, నేనే వాడి చెయ్యి పట్టి అప్పగించేవాణ్ణి. నిజం చెబితే శిక్ష పడే చోట పేదవాడు నిజం చెప్పడు.

అదే మే 8న అప్పటి ఔరంగాబాద్ దగ్గర 16 మంది కూలీలు రైలు పట్టాల మీద నిద్రపోయి గూడ్సు బండి కింద నలిగిపోయారు. రోడ్డు వదిలి పట్టాల వెంట ఇంటికి నడుస్తున్నవాళ్లు వాళ్లు. కరోనా వాళ్లను చంపలేదు.

చట్టం ఏమంటోంది? 2005 నాటి అంతర్జాతీయ ఆరోగ్య నియమావళిలో మన దేశమూ ఉంది. దాని 32వ నిబంధన ప్రకారం ఆపి ఉంచిన ప్రయాణికుడికి తిండి, నీళ్లు, వసతి, వైద్యం ఇవ్వాలి. 40వ నిబంధన ప్రకారం, స్థిరపడడానికి వచ్చేవాళ్లను మినహాయిస్తే, పరీక్షకు, విడిగా ఉంచడానికి రుసుము తీసుకోకూడదు. కాని ఆ నియమాలు దేశాల సరిహద్దులకు. రాష్ట్రాల నాకాలకు ఉన్నది 1897లో బొంబాయి ప్లేగు కాలంలో తెల్లదొరలు చేసిన అంటువ్యాధుల చట్టం. ప్రయాణికుణ్ణి తనిఖీ చేయవచ్చు, విడిగా ఉంచవచ్చు, మాట వినకపోతే శిక్షించవచ్చు అని అందులో ఉంది. ఆపి ఉంచినవాడికి అన్నం, కూలి అన్న ఊసే లేదు. 2020లో సవరించి వైద్య సిబ్బందికి రక్షణ పెంచారు. మంచిదే, పెంచవలసిందే. మరి కార్మికుడో? విదేశం నుంచి వచ్చేవాడికి కాగితం మీదైనా ఉన్న హక్కు, షోలాపూర్ నుంచి సొంత ఊరికి పోయే కూలీకి ఎందుకు లేదు?

అందుకే ఈసారి సర్వసభ్య సమావేశంలో ఈ తీర్మానం పెడుతున్నాం:

1. ఏ నాకా దగ్గరైనా ఆరోగ్య పరీక్ష, కాగితం పూర్తిగా ఉచితంగా ఉండాలి.
2. నీడ, నీళ్లు, మరుగుదొడ్డి, స్త్రీలకు వేరే చోటు లేకుండా ఎవరినీ ఆపకూడదు.
3. ఆపి ఉంచిన ప్రతి రోజుకూ కనీస వేతనం, కుటుంబానికి రేషన్ ఇవ్వాలి.
4. పరీక్షలో చెప్పిన సంగతులు వైద్యానికే వాడాలి. పోలీసులకు, యాజమాన్యాలకు చేరకూడదు.
5. ఏం జరుగుతోందో కూలీ భాషలో చెప్పే మనిషి అక్కడ ఉండాలి.

వీటికి డబ్బెక్కడిదని అడుగుతారు. పదహారు శవాలకు పరిహారం ప్రకటించడానికి డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో, అక్కడి నుంచే.

టీ హోటల్లో తల ఊపిన తమ్ముళ్లకు ఒక్క మాట. వచ్చేసారి ఆ వరసలో నిలబడేది మీరో, మీ పిల్లలో. సమావేశానికి రండి, చెయ్యెత్తండి.

కార్మికుల ఐక్యత వర్ధిల్లాలి!

మీ
కార్యదర్శి