పాతబస్తీ యువజనుల ఆరోగ్యము

అడుగనిదే అమ్మయైనను పెట్టదందురు. అమ్మను సైతము అడుగజాలని సందేహములు యౌవనమున కలవు. హైదరాబాదు పాతబస్తీలోని బాలబాలికలు ఋతుధర్మమును గూర్చి, సుఖవ్యాధులను గూర్చి ఎవరి నడుగవలెను? పెద్దలు మౌనము వహించినచో గోడప్రకటనల నకిలీ వైద్యుడే వారికి గురువగును.

2014 జనవరి 7వ తేదీన కేంద్రప్రభుత్వ మారంభించిన రాష్ట్రీయ కిశోర స్వాస్థ్య కార్యక్రమము ఈ చిక్కును గుర్తించినది. 10 మొదలు 19 ఏండ్లవారికి తోటి ఈడువారినే బోధకులుగా తీర్చి, గ్రామమునకు ఇద్దరు బాలురను, ఇద్దరు బాలికలను నియమించి, వైద్యశాలలలో ప్రత్యేక కేంద్రములను నెలకొల్పవలెనని దాని సంకల్పము. పల్లెకు తగిన ఏర్పాటు పాతబస్తీ సందులకేల తగదు? ఉర్దూ కవయిత్రి జమీలా నిషాత్ 2002లో స్థాపించిన షాహీన్ సంస్థ, బస్తీ స్త్రీలకు బస్తీలోనే అండ చేకూర్చవచ్చునని చూపినది.

ఇట్టి విద్య పిల్లలను చెడగొట్టునను భయముచే 2007లో కొన్ని రాష్ట్రములు పాఠశాలలలో దానిని నిలిపివేసినవి. అజ్ఞానము శీలమును కాపాడునని మేము నమ్మజాలము. అయితే బోధ ఒక్కటియే చాలదు. స్నేహితుని మాట విని వచ్చిన బిడ్డను వైద్యశాలలో గద్దించి పంపినచో ఆ బిడ్డ మరల రాదు. గుట్టు కాపాడు వైద్యుడును, ఉర్దూ తెలుగు రెండును పలుకు నర్సును, బడి విడిచిన పిమ్మట తెరచియుండు కేంద్రమును పాతబస్తీకి సత్వరమే సమకూర్పవలెనని ప్రభుత్వమును కోరుచున్నాము. తల్లిదండ్రులును బిడ్డల నచటికి సంకోచింపక పంపుదురుగాక.