దిగేటప్పుడే ఆలోచించండి!

అక్టోబరు సగానికొచ్చేసరికి అమెరికాలోని వర్జీనియా కొండలు ఎరుపూ పసుపూ రంగుల్లో మెరిసిపోతాయి. వాషింగ్టన్ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు పులిహోర కట్టుకుని, పెంపుడు కుక్కనీ కారెక్కించి షెనండోవా నేషనల్ పార్కుకు బయల్దేరేది అప్పుడే. కాలిబాటల మీదికి కుక్కల్ని రానిచ్చే నేషనల్ పార్కులు అక్కడ తక్కువ మరి. ఇక్కడున్న 800 కిలోమీటర్లకు పైగా బాటల్లో వాటికి నిషేధమున్నవి 32 కిలోమీటర్లు దాటవు. కాకపోతే డార్క్ హాలో జలపాతం, స్టోనీమ్యాన్, ఓల్డ్ ర్యాగ్ లాంటి పేరున్న బాటలే అందులో ఉన్నాయి. కుక్కను పట్టుకునే తాడేమో 6 అడుగులు మించకూడదు. జింక కనిపిస్తే లాబ్రడార్ ఆగుతుందా!

అసలు చిక్కు వేరే. ఎక్కడైనా కొండ ముందు ఎక్కి, తర్వాత దిగుతాం. ఇక్కడ స్కైలైన్ డ్రైవ్ రోడ్డు కొండల నెత్తిమీదే ఉంది. జలపాతం చూడాలంటే ముందు దిగాలి, అలిసిపోయాక ఎక్కాలి. రోజ్ రివర్ జలపాతం దారే చూడండి, తిరిగొచ్చేటప్పుడు 200 మీటర్ల ఎత్తు ఎక్కాలి. మనిషైతే 'ఇక నావల్ల కాదు' అంటాడు. కుక్క అనదు. యజమాని నడిచినంతసేపూ నడిచి, ఒక్కసారిగా చతికిలబడుతుంది. 30 కిలోల కుక్కను భుజాన వేసుకుని కొండెక్కడం ఎవరి తరం? ఆగకుండా రొప్పుతున్నా, నీడ కనిపించిన చోటల్లా పడుకుంటున్నా అక్కడే వెనక్కి మళ్లాలి. జలపాతం ఎక్కడికీ పోదు.

చలి మొదలైంది, పిడుదులుండవని చాలామంది ధీమా. లైమ్ వ్యాధిని మోసే పిడుదులు రాలిన ఆకుల్లో ఈ రోజుల్లోనే చురుగ్గా తిరుగుతాయి. కారెక్కేముందు కుక్క చెవుల వెనకా, కాలివేళ్ల సందుల్లో, తోక కిందా తడిమి చూడాలి. పిల్లల సాక్సులు కూడా.