ఫ్రెంచి విందు సరే, వండినావిడ కుర్చీ ఏదీ?

ఈ మధ్య మా స్నేహితురాళ్ళకు కొత్త సరదా పట్టుకుంది. థీమ్ డిన్నర్లట. ఒకసారి ఇటాలియన్, ఒకసారి మెక్సికన్, ఇప్పుడు ఫ్రెంచి. ఇదంతా ఏ బెంగుళూరులోనో అనుకునేరు. ధర్మవరం, హిందూపురం, కదిరి ఇళ్ళల్లోనే. మా ఓబులదేవరచెరువు దాకా కూడా వచ్చేసింది. చేతిలో యూట్యూబు ఉంటే ఊరు చిన్నదా పెద్దదా అని ఎవరు చూస్తారు?

ఈ సరదా మీద నాకు కోపం లేదు. సంగటి, ఊరుబిండి తప్ప ఇంకోటి వండకూడదనే ఛాందసం అసలే లేదు. నా కోపం ఒక్కదాని మీదే. ఫ్రెంచివాళ్ళ దగ్గర్నుంచి ఫోర్కులు తెచ్చుకున్నాం, కొవ్వొత్తులు తెచ్చుకున్నాం, అసలుది వదిలేసి వచ్చాం.

మొన్న ఒక స్నేహితురాలు పిలిస్తే వెళ్ళాం. వచ్చినవాళ్ళం ఎనిమిది మందిమి, బల్ల చుట్టూ ఎనిమిది కుర్చీలు. ఉల్లిపాయ సూపు, కీష్, రాటటుయి, చివర్లో క్రెప్. రెండు రోజుల చాకిరీ. ఇది చాలదన్నట్టు అత్తగారికి విడిగా సంగటి, పప్పు. మామగారికి విడిగా పెరుగన్నం. సూపు కప్పులు తియ్యడం, ప్లేట్లు పెట్టడం, అవి తియ్యడం, ఇంకో రకం పెట్టడం. "కూర్చోవే" అంటే "మీరు కానివ్వండి" అంటుంది. మేం లేచాక వంటింట్లో నిలబడి చల్లారిన సూపు తాగింది. "మీ ఇంట్లో ప్యారిస్ చూపించారండీ" అని పొగిడింది ఎవరినో తెలుసా? వాళ్ళాయన్ని!

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు. వడ్డించేది మనమే అయినప్పుడు మనకు కడబంతి కూడా లేదేమిటి?

ఇంతకీ ఫ్రెంచివాళ్ళు తమ భోజనంలో దేన్ని చూసుకుని మురిసిపోతారు? 2010లో యునెస్కో వాళ్ళ విందు భోజనాన్ని సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. చేర్చింది వంటకాన్ని కాదు, ఆచారాన్ని. పుట్టినరోజుకో, పెళ్ళికో, చాన్నాళ్ళకు కలిసినప్పుడో అయినవాళ్ళంతా ఒక బల్ల చుట్టూ చేరి, తీరిగ్గా కబుర్లాడుకుంటూ తినే ఆచారాన్ని. కలిసి కూర్చోవడం అందులో ప్రాణం. మనం ప్రాణం తీసేసి కీష్ తెచ్చుకున్నాం.

ఇంకో తమాషా వినండి. ఒకటి తిన్నాక ఒకటి తెచ్చిపెట్టే పద్ధతి ఫ్రెంచివాళ్ళ పాత పద్ధతే కాదు. పూర్వం వాళ్ళ పెద్ద విందుల్లో ఒక్కో విడతలో బోలెడు వంటకాలు ఒకేసారి బల్ల నిండా పరిచేవాళ్ళు. ఎవరికి అందినవి వాళ్ళు వడ్డించుకునేవాళ్ళు. వరసగా ఒక్కొక్కటే తెచ్చే పద్ధతి 19వ శతాబ్దంలో వ్యాపించింది. దాని పేరే రష్యా పద్ధతి. అది నౌకర్లున్న దొరల ఇళ్ళకు కుదిరింది. మన ఇళ్ళల్లో ఆ నౌకరు ఎవరు? పట్టుచీర కట్టుకుని, చెమటలు తుడుచుకుంటూ వంటింటికీ హాలుకీ తిరిగే మనమే! బల్ల నిండా అన్నీ పెట్టేసి కూర్చుంటే అదీ ఫ్రెంచి పద్ధతే. మన విస్తరికి దగ్గరి చుట్టం కూడా.

ఇక వంటల సంగతి. పొరుగింటి పుల్లకూర రుచి అంటే ఇదే. ఉల్లిపాయ సూపు ప్యారిస్‌లో లేఆల్ మార్కెట్లో పనిచేసేవాళ్ళ కడుపు నింపిన తిండి. రాటటుయి దక్షిణ ఫ్రాన్సు ఇళ్ళల్లో వంకాయ, టమాటాలతో చేసే కలగూర. అందులో వంకాయ మన వైపునుంచి వెళ్ళినదే. క్రెప్ గురించి దోసెలు పోసే చేతులకు ఒకరు చెప్పాలా? గోదావరి దగ్గరి యానాం 1954 దాకా ఫ్రెంచి పాలనలో ఉంది. అయినా అక్కడివాళ్ళు పులస పులుసు మానుకోలేదు. వండండి, తినండి, కానీ వీటికోసం నడుం విరగ్గొట్టుకోవద్దు.

"అతిథులు వస్తే ఇంటావిడ కూర్చుంటే ఏం బాగుంటుంది?" అనేవాళ్ళుంటారు. అతిథిని గౌరవించమన్నారు గానీ ఆ గౌరవమంతా ఒక్క ఆడమనిషి కాళ్ళ మీదే నిలబెట్టమన్నారా? ఇంటాయన కూర్చుని కబుర్లు చెబితే మర్యాద, ఇంటావిడ కూర్చుంటే అమర్యాదా? "ఫ్రెంచి ఆడవాళ్ళు పెట్టి పుట్టారులే" అనేవాళ్ళూ ఉంటారు. వాళ్ళకు ఓటు హక్కు వచ్చిందే 1944లో. పెళ్ళయిన ఆడది మొగుడి అనుమతి లేకుండా బ్యాంకు ఖాతా తెరిచే హక్కు 1965లో వచ్చింది. ఊరికే వచ్చాయా? అడగ్గా అడగ్గా వచ్చాయి.

దసరా సెలవుల్లో మా ఇంట్లోనూ ఫ్రెంచి విందు చేశాను. వండింది మూడే. ఉల్లిపాయ సూపు, జుకినీకి బదులు బీరకాయ వేసి రాటటుయి, కదిరి బేకరీనుంచి తెప్పించిన బ్రెడ్డు. తీపికి ముందురోజు చేసిన ఓళిగలు. మా అత్తమ్మకు ఆ బ్రెడ్డు, ఆ సూపే పెట్టాను, రెండోసారి కూడా అడిగి పోయించుకుంది. గిన్నెలన్నీ బల్ల మీదే. ఎవరికి కావలసింది వాళ్ళు పెట్టుకున్నారు. మా ఆయన నీళ్ళు, గ్లాసులు చూసుకున్నాడు. తిన్న ప్లేట్లు పిల్లలు తీశారు. నేను మొదటి చెంచానుంచి చివరి ఓళిగ దాకా కుర్చీలోనే ఉన్నాను. వేడి సూపు తాగాను, సగంలో లేవకుండా ఒక కథ మొత్తం విన్నాను. పెళ్ళయిన ఇన్నేళ్ళలో వచ్చినవాళ్ళతోపాటు నేనూ తినడం అదే మొదలు.

అందుకే చెబుతున్నా. ఈసారి మీరు ఏ దేశం విందు చేసినా సరే, కూరగాయల లిస్టు రాసే ముందు కుర్చీలు లెక్కపెట్టండి. వచ్చేవాళ్ళెంతమందో దానికి ఒకటి కలపండి. కూర్చుని వడ్డించలేని వంటకం ఉంటే లిస్టులోంచి కొట్టేయండి. ఎవరింటికైనా భోజనానికి వెళ్తే, వండినావిడ వచ్చి కూర్చునేదాకా చెంచా ముట్టకండి. సూపు చల్లారుతుందా? చల్లారనివ్వండి. ఆవిడ ఇన్నాళ్ళూ తాగింది చల్లటిదే కదా.