చెరువు హద్దు ఆడవాళ్లనడగండి

నలుగురు ఆడవాళ్లు చేరి "మా ఊళ్లో చింతచెట్టు పక్కన..." అని మొదలుపెడితే చాలు, మగవాళ్లు ముసిముసిగా నవ్వుకుని పేపరు అడ్డం పెట్టుకుంటారు. పోనివ్వండి, అది వాళ్లకు అలవాటే. మనమూ ఆ కబుర్లను ఉత్త కాలక్షేపమనే అనుకుంటున్నామే, నా పేచీ అంతా అక్కడే!

చిన్ననాటి కబురు సాక్ష్యమమ్మా. కాకపోతే ఎక్కడ జరిగిందో ఆ చోటుతో సహా చెప్పాలి.

హైదరాబాదుకు దక్షిణాన, పహాడీ షరీఫ్‌కు దగ్గర్లో, రంగారెడ్డి జిల్లా జల్‌పల్లి ఉంది. పేరు పలికితేనే నీళ్లు గుర్తొస్తాయి. ఊరికి చెరువూ ఉంది. 2016లో ఆ పల్లె పేరుతో మునిసిపాలిటీ ఏర్పడింది. 2020 అక్టోబరులో కుండపోత వానలు కురిసినప్పుడు, ఆ మునిసిపాలిటీలోని ఉస్మాన్‌నగర్‌ను బుర్హాన్‌ఖాన్ చెరువు నీళ్లు ముంచెత్తాయి. ఒకటి రెండు రోజులు కాదు, నెలల తరబడి కదలకుండా అక్కడే ఉన్నాయి. రూపాయి రూపాయి కూడబెట్టి కట్టుకున్న ఇళ్లను వదిలి, జనం వేరే చోట తలదాచుకోవలసి వచ్చింది.

"చెరువు ఇళ్లలోకొచ్చింది" అంటాం మనం. చెరువుకు కాళ్లున్నాయా? మన వైపు చెరువులన్నీ గొలుసుకట్టు. ఒకటి నిండితే మత్తడి దూకి, వాగు వెంట కిందిదానికి పోతుంది. వాగు పూడ్చి, శిఖం భూమిలో ప్లాట్లు గీస్తే, వాన పడిన రోజున నీళ్లు తమ పాతదారినే వెతుక్కుంటాయి. నేరం నీళ్లదీ కాదు, తెలియక కొనుక్కున్నవాళ్లదీ కాదు. తెలిసి అమ్మినవాళ్లది. తెలిసీ చెప్పని మనదీ కొంత ఉంది.

మనకేం తెలుసంటారా? నక్షాలో సర్వే నంబర్లుంటాయి, పహాణీలో పట్టాదారుల పేర్లుంటాయి. నీళ్లు ఏ బండదాకా వచ్చేవో చూసింది మాత్రం ఆ బండమీద బట్టలుతికిన ఆడది. బతుకమ్మను ఏ ఒడ్డున నీళ్లలో విడిచారో, ఏ గట్టుమీది కట్టమైసమ్మకు బోనమెత్తారో, ఏ తూము దగ్గర ఆడుకుంటుంటే అమ్మ వీపు విమానం మోత మోగించిందో, అవన్నీ మన తలల్లోనే ఉన్నాయి. అలాంటి సాక్షిని పసుపూ కుంకుమా ఇచ్చి అత్తారింటికి పంపేశారు. పుట్టింటి పొలం అమ్మేటప్పుడు ఆడపిల్ల సంతకం అడుగుతారేమోగాని, "ఇక్కడ నీళ్లు నిలిచేవా?" అని ఎవరైనా అడిగారా?

"చిన్నపిల్ల కంటికి కుంట కూడా సముద్రమే. ఆ జ్ఞాపకాన్నెలా నమ్మడం?" అంటారు తెలివైనవాళ్లు. నిజమే, ఒక్కరి జ్ఞాపకం పెరుగుతుంది, తరుగుతుంది. కానీ వేర్వేరు ఇళ్ల పదిమంది ఒకే బండను చూపిస్తే? అప్పుడైనా వెళ్లి కొలిచి చూడాలా, వద్దా?

మూసీ సంగతే చూడండి. 1908 సెప్టెంబరు 28న వరద వచ్చినప్పుడు ఒక చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టును చూపించి ఈనాటికీ ఆ కథ చెబుతారు. చెప్పేవాళ్లు లేకపోతే అదీ మామూలు చెట్టే. నీళ్లు ఎంత ఎత్తు లేచాయో చూపించే కొలబద్ద అయ్యేదే కాదు.

అందుకని, "ఆ రోజులే వేరు" అని నిట్టూర్చడం ఇక చాలిద్దాం. నిట్టూర్పుకు చిరునామా ఉండదు. పిల్లల పాత నోటుపుస్తకం ఒకటి తీయండి. మీ వీధి, బావి, గుడి, కట్ట, మత్తడి గీయండి. గీతలు వంకరపోతే పోనీయండి, ముగ్గులు వేసిన చేతులే కదా! ఎక్కడ ఏం జరిగిందో ఆ పక్కనే రాయండి. మీ అక్కచెల్లెళ్ల చేతా, చిన్ననాటి స్నేహితురాళ్ల చేతా గీయించండి. అన్నీ పక్కపక్కన పెట్టి చూడండి.

రేపు మీ అబ్బాయి రంగురంగుల బ్రోషరు తెచ్చి "లేక్ వ్యూ ప్లాటమ్మా" అని మురిసిపోతే, రిజిస్ట్రేషను కాగితాలకంటే ముందు ఆ ఊళ్లో పుట్టి పెరిగిన ఒక ముసలమ్మను వెతకమనండి. "అవ్వా, నీ చిన్నప్పుడు ఇక్కడేముండేది?" అని అడగమనండి.

ఆమె "నీళ్లు బిడ్డా" అంటే, అడ్వాన్సు ఇవ్వకుండా తిరిగొచ్చెయ్యమనండి.