ఆ అరవై రోజులూ ఈ అరవై రోజులూ ఒకటి కావు

అమెరికాలో హెచ్‌1బి వీసా మీద ఉన్న తెలుగువాళ్ల ఉద్యోగం పోతే ఆ సాయంత్రమే ఇంట్లో ఒక లెక్క మొదలవుతుంది: 60 రోజులు. ఆలోపు కొత్త ఉద్యోగం, లేదా స్టేటస్ మార్పు, లేదా ఇంటికి టికెట్. వాట్సాప్ గ్రూపుల్లో లాయర్ల నంబర్లు, రెజ్యూమేలు చేతులు మారతాయి. హెల్త్ ఇన్సూరెన్స్ సంగతి ఎవరో ఎత్తితే, “కోబ్రా ఉందిలే, చాలా ఖరీదు, తర్వాత చూద్దాం” అని ఇంకెవరో సర్దేస్తారు. ఖరీదన్నది నిజమే. తర్వాత చూసుకోవడానికి చట్టం కొంత వెసులుబాటు ఇచ్చిన మాటా నిజమే. నా కంగారు ఆ వెసులుబాటు ఎప్పటిదాకా అన్నది సరిగ్గా లెక్కేసుకోని వాళ్ల గురించి.

కోబ్రా 1986 ఏప్రిల్‌లో వచ్చిన చట్టం. 20 మంది, అంతకు మించి ఉద్యోగులున్న కంపెనీలో గ్రూప్ ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లు ఉద్యోగం పోయినా, మానేసినా అదే ప్లాన్‌లో 18 నెలల దాకా కొనసాగవచ్చు. తీవ్రమైన దుష్ప్రవర్తన మీద తీసేస్తే మాత్రం ఆ హక్కు ఉండదు. అయితే ఇన్నాళ్లూ కంపెనీ కట్టిన వాటా కూడా మనమే కట్టాలి, దానిపై ఇంకో 2 శాతం నిర్వహణ ఖర్చు. కేఎఫ్‌ఎఫ్ అనే ఆరోగ్య పరిశోధన సంస్థ ఏటా చేసే సర్వే ప్రకారం 2025లో కుటుంబ ప్రీమియం సగటున 26,993 డాలర్లు. అందులో ఉద్యోగి జీతంలోంచి పోయింది 6,850. అంటే నెలకు 570 డాలర్లు కట్టినవాళ్లు, జీతమే లేని నెలలో 2,290 పైచిలుకు కట్టాలి. వాయిదా వేయబుద్ధి కావడంలో వింతేమీ లేదు.

ఇప్పుడు తేదీలు చూద్దాం. డాలస్‌లో ఒక కుటుంబం అనుకోండి. మార్చి 10న ఉద్యోగం పోయింది. ఇన్సూరెన్స్ ఆ నెలాఖరుదాకా, అంటే మార్చి 31 వరకు ఉంది. కోబ్రా నోటీసు ఏప్రిల్ 14న పంపారు. చట్టం కంపెనీకి 30 రోజులు, ప్లాన్ నడిపేవాళ్లకు మరో 14 రోజులు ఇస్తుంది కాబట్టి అది ఆలస్యం కింద లెక్క కాదు. వీసా గడువు చివరి జీతపు రోజు నుంచి లెక్క: మే 9తో సరి. మార్కెట్‌ప్లేస్‌లో, అంటే జనం ఒబామాకేర్ అనే చోట, సొంతంగా ప్లాన్ కొనుక్కునే గడువు ఇన్సూరెన్స్ ఆగిన రోజు నుంచి: మే 30. కోబ్రా కావాలని చెప్పే గడువు, నోటీసు పంపిన రోజు, ఇన్సూరెన్స్ ఆగిన రోజు, ఈ రెంటిలో ఏది ఆఖరైతే అక్కడి నుంచి: జూన్ 13. మూడూ 60 రోజులే. ముగిసే రోజులు మాత్రం మూడు.

ఈ మూడింటిలో కోబ్రా ఒక్కటే వెనక్కి పనిచేస్తుంది. స్టేటస్ మార్చుకుని ఆ కుటుంబం డాలస్‌లోనే ఉండిపోయిందని, మే 20న పిల్లాడికి అపెండిక్స్ ఆపరేషన్ అయిందని అనుకుందాం. ఆసుపత్రి కౌంటర్‌లో కార్డు చూసి ‘ఇనాక్టివ్’ అంటారు. ఎమర్జెన్సీకి వచ్చినవాళ్లను ఇన్సూరెన్స్ లేదని తిప్పి పంపకూడదన్న నిబంధనా ఈ 1986 చట్టంలోదే, కాబట్టి వైద్యం ఆగదు. బిల్లు కూడా ఆగదు. జూన్ 10న కోబ్రా ఫారం నింపి పంపితే, మొదటి చెల్లింపుకు ఇంకా 45 రోజులుంటాయి, అంటే జూలై 25. ఏప్రిల్ 1 నుంచి బాకీ ప్రీమియం అంతా కట్టగానే ఇన్సూరెన్స్ మధ్యలో తెగనట్టే లెక్క, ఆపరేషన్ బిల్లు ప్లాన్ కిందికి వస్తుంది. ‘తర్వాత చూద్దాం’ అనేవాళ్ల ధీమా ఇదే, ఇంతవరకు అది సబబే.

చిక్కు ఆ తర్వాత. పిల్లాడు కోలుకున్నాడు, ప్రీమియం భరించలేక ఆగస్టు నుంచి కట్టడం మానేశారు. మార్కెట్‌ప్లేస్‌కు వెళ్దామంటే ఆ తలుపు మే 30నే మూసుకుంది. కోబ్రాను మనంతట మనం మానేస్తే, డబ్బు కట్టక పోగొట్టుకుంటే, దాన్ని కొత్తగా ఇన్సూరెన్స్ కోల్పోవడం కింద లెక్కించరు. కొత్త ఉద్యోగమో, ఇంట్లో కాన్పో లాంటి మార్పు వస్తే తప్ప నవంబర్ 1న మొదలయ్యే ఎన్‌రోల్‌మెంట్ దాకా ఆగాలి, అప్పుడు కొన్నది జనవరి 1న అమల్లోకి వస్తుంది. మధ్యలో అయిదు నెలలు ఇల్లంతా దేవుడి మీద భారం వేసి ఉండాలి. (సెవరెన్స్‌లో, అంటే ఉద్యోగం తీసేస్తూ ఇచ్చే పరిహారంలో భాగంగా కంపెనీ కోబ్రా డబ్బు కడుతుంటే, కంపెనీ వాటా ఆగిన రోజు నుంచి మళ్లీ 60 రోజులు దొరుకుతాయి. ఆ తేదీ సెవరెన్స్ కాగితంలో ఉంటుంది, చాలామంది ఆ పేజీ దాకా చదవరు.)

నేనైతే రెంటినీ కలిపి వాడుకోమంటాను. మే 30లోపు మార్కెట్‌ప్లేస్ ప్లాన్ ఎంచుకుంటే జూన్ 1 నుంచి అమలవుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఏమీ జరగకపోతే కోబ్రాకు పైసా కట్టనక్కర్లేదు, జరిగితే జూన్ 13లోపు కోబ్రా తీసుకుని ఆ రెండు నెలలకే కట్టవచ్చు. మార్చిలోనే కొత్త ప్లాన్ ఎంచుకుంటే అసలు ఖాళీయే ఉండదు. అయితే కొత్త ప్లాన్‌లో డిడక్టిబుల్, అంటే ప్లాన్ చెల్లించడం మొదలుపెట్టేలోపు మనం కట్టుకోవాల్సిన మొత్తం, మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. ఏడాది సగంలో కాన్పో, కీమోథెరపీయో నడుస్తున్న ఇంటికి అది పెద్ద దెబ్బ. అలాంటప్పుడు ఇల్లంతా కోబ్రాలో ఉండనక్కర్లేదు. హక్కు ఎవరిది వారికే. గర్భవతి అయిన భార్య ఒక్కతే పాత ప్లాన్‌లో కొనసాగితే, అదే సర్వే సగటు ప్రకారం నెలకు 790 డాలర్ల చిల్లర.

మనవాళ్లు ఎక్కువగా ఉండే చిన్న కన్సల్టెన్సీల సంగతి వేరు. 20 మంది కన్నా తక్కువ ఉంటే కేంద్ర చట్టం వర్తించదు, రాష్ట్ర చట్టాలే దిక్కు. కాలిఫోర్నియాలో 36 నెలలు ఇస్తే, టెక్సస్‌లో 9 నెలలే. కంపెనీ మూతపడి గ్రూప్ ప్లానే రద్దయితే కోబ్రాకు ఆధారమే ఉండదు.

2025 జూలై 4న సంతకమైన చట్టంతో ఇంకో ఆసరా పోతోంది. 2027 జనవరి నుంచి హెచ్‌1బి వాళ్లు, హెచ్‌4 మీద ఉన్న వాళ్ల కుటుంబాలు మార్కెట్‌ప్లేస్‌లో కొనుక్కోగలరు గాని ప్రీమియంపై సబ్సిడీ రాదు. ఆదాయం పడిపోయిన ఏడాదిలో చవగ్గా దొరికిన ప్లాన్ ఇక పూర్తి ధరకే. ఉద్యోగం పోకముందే పొదుపులో వీసా లాయరు ఫీజుతో పాటు ఈ ఖర్చూ వేసుకోవాలి.

చివరగా ఒక చిన్న పని. కోబ్రా నోటీసు పోస్టులో వస్తుంది. కంపెనీ రికార్డుల్లో ఉన్న చివరి చిరునామాకు పంపితే చాలు, మీ చేతికి అందిందా లేదా అన్నది చట్టం చూడదు. లే ఆఫ్ తర్వాత అపార్ట్‌మెంట్ ఖాళీ చేసి స్నేహితుల ఇంటికి మారేవాళ్లు ఎందరో. కంపెనీ లాగిన్ మూసేయకముందే హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టి కొత్త చిరునామా ఇవ్వండి, ఇన్సూరెన్స్ ఏ తేదీతో ఆగుతుందో రాతపూర్వకంగా అడగండి.