మెస్సీ ఫైనల్ కేబుల్‌లో రాదు.. 2025 డిసెంబర్‌లోనూ ఐఎస్‌ఎల్ మొదలు కాలేదు! కరీంనగర్, ఆదిలాబాద్ ఫుట్‌బాల్ ఫ్యాన్స్ ఫోన్‌లో చూసేదెలా?

లియోనెల్ మెస్సీ హైదరాబాద్ వచ్చి వెళ్లాడు. డిసెంబర్ 13 శనివారం రాత్రి ఉప్పల్ స్టేడియంలో సీఎం రేవంత్ రెడ్డితో కలిసి బంతి తన్నాడు. సువారెజ్, డీపాల్ కూడా పక్కనే ఉన్నారు. ఆ వీడియోలు కరీంనగర్, ఆదిలాబాద్ వాట్సాప్ గ్రూపుల్లో తిరిగాయి.

కానీ అంతకు వారం ముందు మెస్సీ ఆడిన అసలు మ్యాచ్ సంగతేంటి? అమెరికా మేజర్ లీగ్ సాకర్ (ఎంఎల్ఎస్) కప్ ఫైనల్ అది. మన టైమ్ ప్రకారం డిసెంబర్ 7 తెల్లవారితే, అర్ధరాత్రి ఒంటి గంటకు మొదలైంది. ఇంటర్ మయామీ 3-1తో వాంకోవర్‌పై గెలిచింది. రెండు గోల్స్‌కు మెస్సీయే పాస్ ఇచ్చాడు. అందులో ఒకటి కొట్టింది ఉప్పల్‌కు వచ్చిన ఆ డీపాలే. ఆ రాత్రి ఇంట్లో రిమోట్ పట్టుకుని స్పోర్ట్స్ ఛానళ్లన్నీ తిప్పిన వాళ్లకు మాత్రం మ్యాచ్ దొరకలేదు. కేబుల్‌లో ఎన్ని ప్యాకులు వేసుకున్నా దొరికేది కాదు కూడా.

కేబుల్ కనెక్షన్ లేకుండా పెద్ద ఫుట్‌బాల్ మ్యాచ్ చూడొచ్చా అంటే.. చూడొచ్చు. ఖర్చు కూడా మరీ ఎక్కువేం కాదు. అసలు చిక్కు వేరే చోట ఉంది. ఏ లీగ్ ఏ యాప్‌లో వస్తుందో ఈ ఏడాది కష్టపడి తెలుసుకుంటే, వచ్చే ఏడాదికి అది పనికిరావడం లేదు.

రూ.99కే ప్లేఆఫ్స్.. కానీ తెలిసిందెవరికి?

ఎంఎల్ఎస్ స్ట్రీమింగ్ హక్కులు 2023 నుంచి యాపిల్ చేతిలో ఉన్నాయి. మొదట్లో దీనికి సీజన్ పాస్ అని విడిగా కొనాల్సి వచ్చేది. పైగా ఆండ్రాయిడ్ ఫోన్లకు యాపిల్ టీవీ యాప్ ఉండేదే కాదు. మన జిల్లాల్లో ఎక్కువ మంది చేతుల్లో ఉండేవి ఆండ్రాయిడ్ ఫోన్లే కదా! ఆ యాప్ ప్లే స్టోర్‌లోకి వచ్చింది 2025 ఫిబ్రవరిలో.

ఈసారి ప్లేఆఫ్స్ మొత్తాన్ని యాపిల్ టీవీ మామూలు సబ్‌స్క్రైబర్లకే అదనపు ఫీజు లేకుండా ఇచ్చేసింది. మన దగ్గర ఆ సబ్‌స్క్రిప్షన్ నెలకు రూ.99. 2026 నుంచి సీజన్ పాస్ అనేదే ఉండదని, మ్యాచ్‌లన్నీ యాపిల్ టీవీలోనే వస్తాయని కూడా నవంబర్‌లో ప్రకటించారు. కొన్ని ఎయిర్‌టెల్ పోస్ట్‌పెయిడ్, వైఫై ప్లాన్లలో యాపిల్ టీవీ కలిపే ఇస్తున్నారు. అంటే కరీంనగర్‌లో ఇంటికి వైఫై పెట్టించుకున్న కొందరి దగ్గర మెస్సీ ఫైనల్ ఫ్రీగానే ఉంది. వాళ్లకే ఆ సంగతి తెలియదు!

ఒక జాగ్రత్త. నెల రోజులు చూసి వదిలేద్దాం అనుకునేవాళ్లు ఆటో పే ఆపడం మర్చిపోవద్దు. యాప్ డిలీట్ చేసినంత మాత్రాన సబ్‌స్క్రిప్షన్ ఆగదు. ప్రతి నెలా డబ్బులు కట్ అవుతూనే ఉంటాయి.

మన టీమ్ ఢిల్లీకి.. లీగ్ గాల్లోకి

అమెరికా లీగ్ సంగతి సరే, మన లీగ్ పరిస్థితి చూస్తే బాధ కలుగుతుంది.

2022 మార్చి 20. గోవాలోని ఫతోర్డా స్టేడియం. ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) ఫైనల్‌లో కేరళ బ్లాస్టర్స్ 1-0తో ముందంజలో ఉంది. 88వ నిమిషంలో సాహిల్ తవోరా గోల్ కొట్టి హైదరాబాద్ ఎఫ్‌సీని బతికించాడు. పెనాల్టీ షూటౌట్‌లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి అడ్డుగోడలా నిలబడ్డాడు. 3-1తో కప్పు మనదైంది. స్టార్ స్పోర్ట్స్ ఛానల్ లేని వాళ్లు ఆ మ్యాచ్‌ను డిస్నీ ప్లస్ హాట్‌స్టార్‌లో చూశారు.

ఆ తర్వాత యాప్‌లు మారిన తీరు చూడండి. 2023-24 సీజన్‌కి లీగ్ జియో సినిమాకి వెళ్లింది. ఫ్రీ! ముంబై సిటీ గెలిచిన 2024 మే 4 ఫైనల్‌ను ఫోన్‌లో డేటా ఉన్న ఎవరైనా చూడగలిగారు. తర్వాతి సీజన్ సగం దాటాక, 2025 ఫిబ్రవరి 14న జియో సినిమా, హాట్‌స్టార్ కలిసి జియో హాట్‌స్టార్ అయ్యాయి. మార్చి, ఏప్రిల్‌లో ప్లేఆఫ్స్ వచ్చేసరికి మళ్లీ ప్యాక్ అవసరమైంది. అప్పుడు మొబైల్ ప్యాక్ 3 నెలలకు రూ.149. ఐపీఎల్ కోసం అది వేసుకున్న వాళ్లకు అదే ప్యాక్‌లో ఐఎస్‌ఎల్ కూడా వచ్చింది. ఏప్రిల్ 12న మోహన్ బగాన్ ఎక్స్‌ట్రా టైమ్‌లో బెంగళూరును 2-1తో ఓడించిన ఫైనల్ నిజంగా చూడదగ్గ ఆట. క్రికెట్ ప్యాక్ వేసుకుని కూడా ఆ సంగతి తెలియక వదిలేసిన వాళ్లు ఎందరో.

మరి ఆ తర్వాత? 2025 డిసెంబర్ సగం దాటినా ఐఎస్‌ఎల్ 2025-26 సీజన్ మొదలు కాలేదు. లీగ్‌ను నడిపే కంపెనీతో ఆల్ ఇండియా ఫుట్‌బాల్ ఫెడరేషన్ (ఏఐఎఫ్‌ఎఫ్) ఒప్పందం డిసెంబర్ 8తో ముగిసింది. కొత్త భాగస్వామి కోసం టెండర్ పిలిస్తే, నవంబర్ 7 గడువు నాటికి ఒక్క బిడ్ కూడా పడలేదు. ఆ బిడ్ల కమిటీకి నేతృత్వం వహించింది మన తెలుగువారే, సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి జస్టిస్ ఎల్.నాగేశ్వరరావు. పరిశీలించడానికి ఆయన ముందుకు ఫైలే రాలేదు.

ఎందుకు రాలేదు? పెట్టిన డబ్బు తిరిగొస్తుందన్న నమ్మకం ఎవరికీ కలగలేదు కాబట్టే. జియో, స్టార్ ఒక్కటయ్యాక హక్కుల కోసం పోటీ పడేవాళ్లు తగ్గారు. ఆగస్టులో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టంతో డబ్బు పెట్టి ఆడే ఫాంటసీ యాప్‌లు మూతపడ్డాయి. స్పోర్ట్స్ ఛానళ్లకు పెద్ద ఎత్తున యాడ్స్ ఇచ్చింది వాళ్లే.

హైదరాబాద్ ఎఫ్‌సీ అయితే ఇక లేదు. అక్టోబర్‌లో క్లబ్బును ఢిల్లీకి తరలించి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని పేరు మార్చారు. కరీంనగర్ నుంచి గచ్చిబౌలి చాలా దూరం, ఆదిలాబాద్ నుంచి దాదాపు 300 కిలోమీటర్లు. అంత దూరం వెళ్లి స్టేడియంలో చూసిన వాళ్లు తక్కువే. ఇక్కడి వాళ్లకు ఆ టీమ్ అంటే ఫోన్ స్క్రీనే. ఇప్పుడు స్క్రీన్ మీద కూడా లేదు.

రాత్రి ఒంటి గంట మ్యాచ్.. ఏ రోజు డేటా?

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ కాదు. ఎక్కువ మంది ప్రీపెయిడ్ ప్లాన్లలో రోజుకు 1.5 జీబీ లేదా 2 జీబీ డేటా వస్తుంది. హెచ్‌డీలో గంటసేపు లైవ్ చూస్తే దాదాపు ఒక జీబీ, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే ఖర్చవుతుంది. ఎక్స్‌ట్రా టైమ్, పెనాల్టీలు కలిస్తే ప్లేఆఫ్ మ్యాచ్ రెండున్నర గంటలు దాటుతుంది. 1.5 జీబీ ప్యాక్ ఉన్నవాళ్లకు సరిగ్గా పెనాల్టీల టైమ్‌కి వీడియో గిర్రున తిరుగుతూ ఆగిపోతుంది.

రోజువారీ డేటా రాత్రి 12 గంటలకు కొత్తగా మొదలవుతుంది. అంటే ఒంటి గంట మ్యాచ్‌కి ఖర్చయ్యేది మరుసటి రోజు కోటా. మ్యాచ్ నిండుగానే చూడొచ్చు, తెల్లారాక మాత్రం ఫోన్‌లో నెట్ ఉండదు. గోదావరిఖనిలో, మందమర్రిలో రెండో షిఫ్ట్ దిగి రాత్రి 11 దాటాక ఇంటికొచ్చే సింగరేణి కార్మికుడికి ఈ టైమ్ బాగానే కుదురుతుంది. కానీ ఇంట్లో ఉన్న ఒకే ఫోన్‌తో పొద్దున్నే పిల్లల పని ఆగిపోతుంది. అందుకే క్వాలిటీని ఆటోలో వదిలేయకుండా 480పికి తగ్గించుకోవడం మంచిది. ఆరంగుళాల స్క్రీన్ మీద పెద్ద తేడా తెలియదు, డేటా సగానికి పైగా మిగులుతుంది.

మొబైల్ ప్యాక్ తీసుకుని టీవీకి కలుపుదాం అనుకునేవాళ్లూ చాలా మందే. జియో హాట్‌స్టార్ మొబైల్ ప్యాక్ ఒక్క ఫోన్‌లోనే పనిచేస్తుంది. టీవీలో కావాలంటే పై ప్యాక్ తీసుకోవాల్సిందే. నలుగురు స్నేహితులు కలిసి చూసేదుంటే ఆ పై ప్యాక్‌ను పంచుకోవడమే చవక.

గూడేల్లో ఫ్రీ డిష్ గొడుగే దిక్కు

ఉమ్మడి ఆదిలాబాద్‌లో యాప్ ధర గురించి మాట్లాడటానికే అర్థం లేని చోట్లు ఉన్నాయి. తిర్యాణి, నార్నూర్, గాదిగూడ వైపు కొన్ని గూడేల్లో మాట్లాడటానికే సిగ్నల్ కోసం గుట్ట ఎక్కాలి. బీఎస్ఎన్ఎల్ స్వదేశీ 4జీని సెప్టెంబర్ 27న దేశమంతా ప్రారంభించారు. టవర్ లేని ఊళ్లకు 4జీ ఇవ్వాలన్న కేంద్రం పథకమూ నడుస్తోంది. ఉమ్మడి కరీంనగర్‌లో టీ-ఫైబర్ పైలట్ గ్రామంగా పెద్దపల్లి జిల్లా అడవి శ్రీరాంపూర్‌ను ఎంచుకుని 2024 డిసెంబర్ 8న మొదలుపెట్టారు. మిషన్ భగీరథ పైపుల వెంట వేసిన కేబులే దానికి ఆధారం. పైపు ఊరి దాకా వచ్చింది, నెట్ మాత్రం చాలా ఊళ్లలో ఇంటి దాకా రాలేదు.

ఇలాంటి చోట్ల పనికొచ్చేది డీడీ ఫ్రీ డిష్. ఒకసారి గొడుగు, బాక్స్ కొంటే నెలనెలా కట్టేదేం లేదు. 2007 నాటి చట్టం ప్రకారం ఫుట్‌బాల్ ప్రపంచకప్ తొలి మ్యాచ్, క్వార్టర్స్, సెమీస్, ఫైనల్ సిగ్నల్‌ను హక్కులు కొన్న సంస్థ ప్రసార భారతితో పంచుకోవాల్సిందే. ఇక్కడో మెలిక ఉంది. 2017లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో ఆ ప్రసారం దూరదర్శన్ సొంత టవర్లకు, ఫ్రీ డిష్‌కు మాత్రమే పరిమితమైంది. కాబట్టి కేబుల్‌కు డబ్బు కట్టేవాళ్ల ఇంట్లో డీడీ స్పోర్ట్స్‌లో మ్యాచ్ రాకపోవచ్చు, గూడెంలో గొడుగు ఉన్న ఇంట్లో వస్తుంది! 2026 ప్రపంచకప్ ఫైనల్ మన టైమ్ ప్రకారం జులై 20న, అర్ధరాత్రి 12:30కి. 2022లో జియో సినిమా టోర్నీ మొత్తాన్ని ఫ్రీగా ఇచ్చింది. అది కంపెనీ వ్యాపార నిర్ణయం. ఫ్రీ డిష్‌ది చట్టం ఇచ్చిన హక్కు.

‘అన్నా, లింక్ ఉందా?’

మ్యాచ్ ఎక్కడ వస్తుందో తెలియనప్పుడు గ్రూపులో పడే మొదటి మెసేజ్ ఇదే. కాసేపటికే టెలిగ్రామ్ నుంచి ఏదో ఏపీకే ఫైల్ వస్తుంది. ఇన్‌స్టాల్ చేయగానే మెసేజ్‌లు, కాంటాక్టులు చూసేందుకు పర్మిషన్ అడుగుతుంది. మ్యాచ్ చూసే యాప్‌కు మన ఎస్సెమ్మెస్‌లతో పనేంటి? ఓటీపీలు వచ్చేది అక్కడికే మరి. 2025 నవంబర్‌లో ఐబొమ్మ కేసులో నిర్వాహకుడిని అరెస్ట్ చేసినప్పుడు, పైరసీ సైట్ నుంచి యూజర్లను బెట్టింగ్ యాప్‌ల వైపు మళ్లించారని హైదరాబాద్ పోలీసులు చెప్పారు. సినిమాకైనా ఫుట్‌బాల్‌కైనా దందా ఒకటే. ఒకవేళ డబ్బులు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి.

ఇలాంటి లింకుల జోలికి వెళ్లేవాళ్లందరూ డబ్బులు మిగుల్చుకోవడానికే వెళ్తున్నారనుకోవడం తప్పు. రీఛార్జ్‌కు వందలు పెట్టేవాళ్లు రూ.99కి వెనకాడరు. ఏ యాప్ కొనాలో చెప్పే దిక్కు లేకనే వెళ్తున్నారు. ప్రీమియర్ లీగ్ జియో హాట్‌స్టార్‌లో, ఛాంపియన్స్ లీగ్ సోనీ లివ్‌లో, స్పెయిన్ లా లిగా ఫ్యాన్‌కోడ్‌లో, మెస్సీ యాపిల్‌లో. అన్నీ కొనడం ఎవరి వల్లా కాదు, అవసరమూ లేదు. ముందు మై జియో లేదా ఎయిర్‌టెల్ థ్యాంక్స్ యాప్‌లో మీ రీఛార్జ్‌తో ఏ ఓటీటీ వచ్చిందో చూసుకోండి. చాలా ప్లాన్లలో జియో హాట్‌స్టార్ ఉంటుంది, యాక్టివేట్ చేసుకోకపోతే గడువు అయిపోతుంది. మిగతాది నచ్చిన టీమ్ ప్లేఆఫ్స్‌కి చేరాక, ఆ ఒక్క నెలకు కొంటే చాలు.

2026లో చూడాల్సినవి

ఛాంపియన్స్ లీగ్ నాకౌట్ ప్లేఆఫ్స్ ఫిబ్రవరి 17, 18, మళ్లీ 24, 25 తేదీల్లో. ఎక్కువ మ్యాచ్‌లు మనకు అర్ధరాత్రి దాటాక 1:30కే. మే 30న బుడాపెస్ట్‌లో జరిగే ఫైనల్ మాత్రం టైమ్ ముందుకు జరిపారు. మన దగ్గర రాత్రి 9:30కే మొదలవుతుంది. నిద్ర చెడగొట్టుకోకుండా ఇంటిల్లిపాదీ చూడొచ్చు.

దానికంటే ముందు 2026 మార్చిలో ఆస్ట్రేలియాలో మహిళల ఏషియన్ కప్. థాయ్‌లాండ్‌ను ఓడించి మన అమ్మాయిలు దానికి క్వాలిఫై అయ్యారు. 2024-25కు ఏఐఎఫ్‌ఎఫ్ ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్‌గా నిలిచిన గుగులోత్ సౌమ్య మన పక్క జిల్లా నిజామాబాద్ అమ్మాయే. ఆ మ్యాచ్‌లు మనకు పగటి పూటే వస్తాయి, రాత్రి డేటా గోల కూడా ఉండదు.