అమ్మకు ఏ పాట ఇష్టం?

మా నాన్నకు ఏ పాటలు ఇష్టమో గరివిడిలో మా వీధి మొత్తానికి తెలుసు. ఘంటసాల పద్యం, అందులోనూ రాగం బాగా సాగదీసి పాడిన పద్యం. ఆ తర్వాత కృష్ణుడి వేషంలో పీసపాటి నరసింహమూర్తి. చుట్టుపక్కల ఎక్కడ ‘పాండవోద్యోగ విజయాలు’ ఆడినా సైకిలు మీద వెళ్లి, తెల్లవార్లూ వన్స్‌మోర్లు కొట్టి, బొంగురు గొంతుతో పొద్దున్నే ఇంటికొచ్చేవారు. ఆ నిద్ర తీరేదాకా ఇంట్లో గిన్నె చప్పుడు కాకూడదు. షిఫ్టు దిగి వచ్చాక రేడియో ఆయనది. ఆ మీట మీద ఇంకెవరి చెయ్యీ పడేది కాదు.

అమ్మకు ఏ పాట ఇష్టమో నాకు యాభై ఏళ్లు దాటేదాకా తెలియదు. తెలుసుకోవాలని తోచనూ లేదు. 1992లో సారా వ్యతిరేక ఉద్యమంలో ఊరూరా తిరిగి ఆడవాళ్ల కష్టాలు అడిగి రాసుకున్నదాన్ని నేను. మా ఇంట్లో ఆడమనిషిని ఈ ఒక్క ప్రశ్నా అడగలేదు.

ఇప్పుడెందుకు అడిగానంటే, ఈ మధ్య ఒక సంగీత సభలో ఒక పెద్దమనిషి మైకు ముందు నిలబడి, “ఆడపిల్లలకు పాట పుట్టుకతో వస్తుంది. ఏం లాభం, పెళ్లికాగానే వాళ్లే వదిలేస్తారు” అన్నాడు. సభ నవ్వింది. ముందు వరసలో కూర్చున్న ఆడవాళ్లు కూడా నవ్వారు. నవ్విన వాళ్లలో ఎందరి ఇళ్లలో అటక మీద హార్మోనియం ఉందో నాకు తెలియదు గాని, “వాళ్లే వదిలేస్తారు” అన్న మాట పట్టుకుని తిన్నగా అమ్మ దగ్గరకు వెళ్లాను.

“నాకేటిష్టమే? మీ అయ్య ఏటెడితే అదే ఇన్నాను” అంది ముందు. కాసేపాగి, “ఇంతకీ ఎవులికి సెప్తావేటి?” అని అడిగింది. ఎవరికీ చెప్పనన్నాను. ఆ మాట తప్పి రాస్తున్నానని మళ్లీ వెళ్లి ఆమెకు చెప్పి, ఒప్పించుకున్నాకే ఇది రాస్తున్నాను.

అమ్మ 1948లో పుట్టింది. వాళ్ల నాన్న ఆమె తమ్ముడికి హార్మోనియం మాస్టారిని పెట్టించాడు. మాస్టారు వీధి అరుగు మీద, అమ్మ వంటింట్లో. తమ్ముడికి వారం పట్టిన వరస అమ్మకు పప్పు ఉడికేలోపు వచ్చేసేది. పదమూడో ఏట పైడితల్లమ్మ సంబరానికి విజయనగరం తీసుకువెళ్తే, సంగీత కళాశాల గోడ పక్కన నిలబడిపోయిందట. లోపల ఎవరో వయొలిన్ సాధన చేస్తున్నారు. “నన్నూ చేర్పించు” అని తండ్రిని అడిగింది. ఆయన కొట్టలేదు, తిట్టలేదు. “మనం భోగపోళ్లమా?” అని మాత్రం అన్నాడు.

ఆ ఒక్క ప్రశ్న రెండు వైపులా కోసే కత్తి. ఈ ప్రాంతంలో సంగీతాన్ని తరాల తరబడి గొంతులో దాచి పెంచిన కళావంతుల స్త్రీలను 1947 చట్టం వచ్చాక కూడా ఆ పేరుతోనే తిట్టారు. ఆ తిట్టునే చూపించి మిగతా ఆడపిల్లల నోళ్లు మూయించారు. వాళ్ల దగ్గరున్న విద్యేమో గౌరవనీయమైన పాఠమై కూర్చుంది. విద్యకు మర్యాద వచ్చింది, విద్య దాచిన ఆడదానికి రాలేదు.

ఆ కళాశాల 1919లో మొదలైంది. ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రిన్సిపాల్. ద్వారం వెంకటస్వామినాయుడు వయొలిన్ నేర్పారు. ఘంటసాల కథ మన వాళ్లందరికీ కంఠతా వచ్చు. చేతి ఉంగరం అమ్ముకుని విజయనగరం చేరాడు. జోలె పట్టి మధుకరం ఎత్తుకుని తిన్నాడు. పట్రాయని సీతారామశాస్త్రి గారు ఇంట్లో చోటిచ్చి విద్య చెప్పారు. ఆ కథ వింటుంటే మా నాన్నకు కళ్లలో నీళ్లు తిరిగేవి. నాకూ తిరుగుతాయి, ఆ గొంతు మీద నాకేమీ కోపం లేదు. కాని ఒక్కసారి జోలె పట్టుకున్నది పదమూడేళ్ల ఆడపిల్ల అనుకుని ఆ కథ మళ్లీ చెప్పండి. ఇంట్లోంచి పారిపోయి, ఊరుకాని ఊళ్లో ఇల్లిల్లూ తిరిగి అన్నం అడుక్కుని, పరాయి ఇంట్లో తలదాచుకుని సంగీతం నేర్చుకున్న ఆడపిల్ల. ఆ కథను ఏ సభలో చెప్పుకుంటారు? పేదరికం దాటడానికి మగపిల్లవాడికి కనీసం జోలె ఉంది. మా అమ్మకు ఆ జోలె కూడా లేదు.

“సుశీల కాలేదా మరి?” అంటారు. అయ్యారు. విజయనగరం పిల్లే, ఆ కళాశాలలోనే చదివారు. 1969లో నేపథ్య గాయనిగా జాతీయ పురస్కారం అందుకున్న తొలి స్త్రీ. అయితే ఆమె వకీలు గారి అమ్మాయి, చదివించాలనుకున్న ఇల్లు ఆమెది. సుశీలను చూపించి మా అమ్మను తప్పుపట్టేవాళ్లు ఇంటి సంగతి మరిచిపోయి గొంతు సంగతే మాట్లాడతారు.

పెళ్లయి గరివిడి వచ్చాక అమ్మ పూర్తిగా నోరు మూసుకుందనుకుంటే పొరపాటు. ఉభాల వేళ మడిలో వంగి పాడింది. రోకలి పట్టుకుని పాడింది. మమ్మల్ని నిద్రపుచ్చుతూ పాడింది. గమనించారా, పాడిన ప్రతిచోటా చేతిలో పని ఉంది. పని తేలికవడానికి పాడే పాటకు అత్తగారి అనుమతి ఉంది, కూలి ఇచ్చే ఆసామి అనుమతి ఉంది. ఊరికే గుమ్మంలో కూర్చుని పాడితే మాత్రం “ఏటే ఆ కూనిరాగాలు, ఇంట్లో పన్నేదా?” అనేది మా నాన్నమ్మ. ఆమెనేమీ అనను, ఆమె గొంతును ఇంకెవరో అలాగే ఆపి ఉంటారు.

రేడియో ముందు కూర్చోవడం అన్నది అమ్మ ఎరగదు. 1963లో విశాఖపట్నం ఆకాశవాణి మొదలైనా, మా ఇంటికి రేడియో వచ్చింది చాలా తర్వాత. వచ్చాక ఆమె విన్నది గోడ అవతలి నుంచి, పొయ్యి చిటపటల మధ్య. “సుశీలమ్మ పాటల్లో సరణాలు నాకు సరిగ్గా తెల్దు, పల్లవి అవ్వగానే మీ అయ్య కాఫీ అడిగీవోరు” అంది. నవ్వుతూనే అంది. నాకు నవ్వు రాలేదు.

2024 కాలవినియోగ సర్వే ప్రకారం మన దేశంలో ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు 289 నిమిషాలు ఆ పనికి ఖర్చు పెడుతుంటే, చేసే మగవాళ్లు పెట్టేది 88 నిమిషాలు. మా అమ్మకు రాని చరణాలు ఆ తేడాలో ఉన్నాయి. స్త్రీల పట్ల వివక్ష నిర్మూలన ఒప్పందాన్ని భారతదేశం 1993లో ఆమోదించింది. దాని 13వ అధికరణం వినోదంలోనూ సాంస్కృతిక జీవితంలోనూ స్త్రీలకు సమాన హక్కు ఉందంటుంది. మనం ఆస్తి గురించి, కూలి గురించి, హింస గురించి గొంతు చించుకున్నాం, చించుకోవాలి కూడా. ఈ అధికరణాన్ని మాత్రం మన సంఘాల్లోనే “తిన్నదరిగేవాళ్ల గొడవ” అని పక్కన పెట్టాం. నేనూ పెట్టాను. తిన్నదరగని మా అమ్మకు అది అక్కర్లేదని నాకెవరు చెప్పారు?

ఇంకో దోపిడీ ఉంది. పండితులు ఊళ్లు తిరిగి స్త్రీల పాటలు సేకరించి పుస్తకాలు వేశారు. వాళ్ల శ్రమ లేకపోతే చాలా పాటలు పోయేవి, కాదనను. అయితే అట్ట మీద సంకలనకర్త పేరు ఉంటుంది. పాడిన మనిషి పేరు చాలాచోట్ల ఉండదు. వంగపండు ప్రసాదరావు పాట పల్లవి 2009లో ‘మగధీర’లో వినిపిస్తే, అది ఫలానావారిదని జనం చెప్పుకున్నారు. ఉభాల పాట సినిమాకెక్కితే “జానపదం” అని వేసి ఊరుకుంటారు. జానపదమంటే ఎవరూ కట్టని పాట కాదు, కట్టినామె పేరు ఎవరూ అడగని పాట.

పేరు నిలబెట్టుకున్న ఆడవాళ్లు లేకపోలేదు. 1940లలో మోటూరి ఉదయం బుర్రకథ దళం కట్టి వేదికెక్కారు. మా ఊరి పేరే ఇంటిపేరైన గరివిడి లక్ష్మి ఉత్తరాంధ్ర పల్లెల్లో బుర్రకథ చెప్పి పేరు తెచ్చుకుంది. ఇప్పుడు ఆమె పేరు మీదే సినిమా తలపెట్టి 2025లో ఓ పాట కూడా విడుదల చేశారు. చూడటానికి అందరం ఎగబడతాం. ఆ కథలు రాత్రిపూట జరిగేటప్పుడు మా ఇంటి ఆడవాళ్లను పంపినవారెవరూ లేరు. అమ్మ మాత్రం ఓసారి దొడ్డి తలుపు తీసుకుని వెళ్లి, చివర చీకట్లో నిలబడి విని వచ్చిందట. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ మాట నాన్నకు వినబడకుండా చెప్పింది.

ఇప్పుడు మా వైపు ఊరూరా కోలాటం బృందాలున్నాయి. ఒకే రంగు చీరలు కట్టుకుని, రోడ్డు మీద వందమంది ముందు ఆడతారు, పాడతారు. సంతోషమే, నేను చూసి చప్పట్లు కొడతాను. కాని ఆ పాటలన్నీ దేవుడి పాటలే ఎందుకయ్యాయి? భక్తి పేరు చెబితేనే భర్త పంపుతాడు, అత్త ఊరుకుంటుంది. ఆ వరసల్లోనే మొగుడి తాగుడు గురించి, అప్పు గురించి, లేదా ఊరికే వెన్నెల గురించి పాడతామంటే రేపు ఎందరిని పంపుతారో చూడాలి.

మా సంఘం తరఫున ఒక పని మొదలుపెట్టాం. అమ్మల పాటలు రాసుకుంటున్నాం. పాడినామె పేరు, ఊరు, ఎవరి దగ్గర నేర్చుకుంది, ఎక్కడ పాడింది, ఎక్కడ పాడనివ్వలేదు, ఇవన్నీ పాట కంటే ముందు రాయాలి. మీరూ రాసి పంపండి. ఒకటే షరతు, ఇవ్వనన్న పాటను బలవంతంగా తీసుకోవద్దు. మా అమ్మ పదకొండు ఇచ్చింది. ఇంకో రెండున్నాయి గాని, “అవి నాయి, ఒగ్గీ” అంది. రాసుకోలేదు.